శత్రువుతో మాట్లాడి రావడానికి తెలుగు మాట: రాయబారం

పగ చల్లారకముందే ఎదుటి పక్షంతో మాటలు నడపడాన్ని తెలుగులో ఏమంటారు, ఆ మాట ఎక్కడిది అని అడిగారు. రాయబారం. చాలామంది సంధి అని రాసేస్తారు కానీ, సంధి కుదిరేది, రాయబారం నడిచేది. బెడిసికొట్టినా రాయబారం రాయబారమే. శ్రీకృష్ణుడిదీ అంతే కదా!

‘రాయ’ అంటే రాజు, సంస్కృత ‘రాజ’కు ప్రాకృత రూపం. ‘బారం’ మన నోట ఒత్తు జారిపోయిన భారం. కన్నడిగులు ఆ ఒత్తును వదులుకోలేదు, వాళ్లకు రాయబారి నేటికీ ‘రాయభారి’యే. రాజు తలకెత్తుకోవలసిన బరువును ఇంకొకరు మోసుకుని పగవాడి గడప తొక్కడమన్నమాట. ‘కాళ్లబేరం’తో దీనికి చుట్టరికం కలిపేవాళ్లున్నారు. ఆ బేరం వేరు, ఈ బారం వేరు.

మాది పల్నాడు కాబట్టి ఈ మాట నాకు నిఘంటువు కంటే ముందు కారెంపూడి తిరునాళ్లలో పరిచయం. కార్తీక అమావాస్య నుంచి అక్కడ ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రెండో రోజు పేరే రాయబారం. పల్నాటి వీరుల కథలో మాచర్ల పక్షాన అలరాజు తన మామ నలగామరాజు ఏలే గురజాలకు రాయబారిగా వెళ్లి, విషప్రయోగానికి బలైన కథ అది. ఆ ఘట్టం వచ్చేసరికి, కథ తెలిసిన ముసలివాళ్లు కూడా ఇప్పుడే విన్నట్టు కళ్లొత్తుకుంటారు.

అందుకేనేమో, మా వైపు రాయబారానికి వెళ్లిన మనిషి అవతలి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. మా చేని గట్టు తగాదాలో పెదనాన్నను చిన్నతాతగారింటికి పంపినప్పుడు నేనూ వెంట వెళ్లాను. అత్త కాఫీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. “ముందు మాట తేలనివ్వమ్మా” అన్నారాయన. గ్లాసు మీద మీగడ కట్టింది, ఈగలు వాలాయి, ఆయన మాత్రం చెయ్యి చాపలేదు. ఇది మా ఊరి మొండితనం అనుకునేవాణ్ని. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కూడా దుర్యోధనుడి విందు కాదన్నది ఈ మాట మీదే: పని నెరవేరాకే దూతలు భోజనం చేస్తారని. తిన్నది విదురుడి ఇంట్లో.

దూతలందరికీ ఒకే అధికారం ఉండదు. కౌటిల్యుడు మూడు రకాలు చెప్పాడు. సొంతంగా నిర్ణయం తీసుకోగలవాడు నిసృష్టార్థుడు, అప్పగించిన విషయం వరకే మాట్లాడేవాడు పరిమితార్థుడు, ఇచ్చిన సందేశం అందించి వచ్చేవాడు శాసనహరుడు. ఇప్పటి రాయబార కార్యాలయాల్లోనూ, పెళ్లి సంబంధాల మధ్యవర్తుల్లోనూ ఈ మూడు రకాలూ కనిపిస్తాయి.

మా పెదనాన్న తనను తాను మొదటి రకం కింద లెక్కేసుకున్నారు. గట్టు రెండడుగులు ఇటు జరపడానికి ఒప్పుకుని, చల్లారిన ఆ కాఫీయే తాగి ఇంటికొచ్చారు. నాన్న పంపింది మూడో రకం మనిషిని అనుకుని! అన్నదమ్ముల మధ్య కొన్నాళ్లు మాటల్లేవు. ఆ రాయబారం మా అమ్మ నడపాల్సి వచ్చింది.