మే నెలలో టమాటా

అమ్మాయీ,

చదివి చెప్పమని నువ్వు పంపిన కథను సగంలో పక్కన పెట్టేశాను. మళ్ళీ చేతికి తీసుకోవడానికి ఒక్క వాక్యమే కారణం. టమాటా పిలకలు తుంచిన చేతులు సబ్బుతో కడిగితే నురుగు పసుపుపచ్చగా దిగిందని రాశావు చూడు, అది. వేళ్ళకు అంటిన ఆ పచ్చటి జిడ్డు నల్లబడి ఎంతకీ వదలదని పని చేసిన మనిషికే తెలుస్తుంది. నువ్వు చేశావు. చేసి కూడా మిగతా కథంతా చేయని మనిషిలా ఎందుకు రాశావన్నదే నా కోపం.

కథ మే నెలలో, అల్వాల్‌లో, మిద్దె మీద వేసుకున్న చిన్న పాలీహౌస్‌లో జరుగుతుంది. భర్తతో మాటలు లేని ఒకామె అందులో టమాటా, కీరా పెంచుతుంది. పైన పాలిథిన్ షీటు, చుట్టూ పురుగుల వల. లోపల టమాటా గుత్తులు గుత్తులుగా కాసేసింది! మే నెలలో హైదరాబాద్ ఎండ ఎంతో నీకు నేను చెప్పాలా? షీటు కింద అంతకంటే ఎక్కువ. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు కాడ పసుపుకు తిరిగి, కణుపు దగ్గర ఊడి కింద పడుతుంది. మా మదనపల్లెలో వేసవి పంట వస్తుందిగా అంటావేమో. మాది ఎత్తు ప్రాంతం, పైగా ఆరుబయట పొలం. నీది సిమెంటు మిద్దె. ఇంత ఎవరు పట్టించుకుంటారని అనుకోకు. మా వీధిలో నీ కథ చదివితే సగం మంది అక్కడే నవ్వి మూసేస్తారు.

ఆ తర్వాత తేనెటీగ వచ్చింది. వల 40 మెష్, అంటే అంగుళానికి నలభై కన్నాలు, అని నువ్వే రాశావు. ఆకుల రసం పీల్చే తెల్లదోమ దూరడమే కష్టమైన వలలోకి తేనెటీగ ఎలా వచ్చింది? వచ్చినా టమాటాకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. టమాటా పుప్పొడి గొట్టంలాంటి దాంట్లో దాగి ఉంటుంది, పువ్వు అదిరితేనే రాలుతుంది. తేనెటీగకు అలా అదిలించడం రాదు. బయట గాలి ఆ పని చేసిపెడుతుంది. వల లోపల గాలి ఆడదు కాబట్టి మనిషే చెయ్యాలి. యూరప్ గ్రీన్‌హౌస్‌ల వాళ్ళు 1980ల చివరి నుంచి, పువ్వును అలా అదిలించగల బంబుల్‌బీలనే లావుపాటి ఈగలను పెంచి వదులుతున్నారు. మన మిద్దె తోటల వాళ్ళు పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ తెచ్చి, పొద్దున పది గంటలప్పుడు, మంచు తడి ఆరాక, గుత్తి కాడకు ఆనిస్తారు. పసుపు పొడి సన్నగా రాలుతుంది. భర్తతో మాటలు లేని ఇంట్లో ఒక ఆడమనిషి రోజూ పది గంటలకు టూత్‌బ్రష్ పట్టుకుని మిద్దె ఎక్కుతోంది! ఇంత మంచి దృశ్యం నీ చేతిలో పెట్టుకుని తేనెటీగను ఎందుకు పిలిచావమ్మా?

కీరా సంగతి ఇంకో తీరు. మామూలు కీరా తీగకు ముందు మగపూలు వస్తాయి, తర్వాత ఆడపూలు. ఆడపువ్వు వెనక వేలెడు పిందె ముందే ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపుపచ్చగా మారి ముడుచుకుపోతుంది. వల లోపల వేసేవాళ్ళు పరాగం లేకుండానే కాసే గింజలేని రకాలు తెచ్చుకుంటారు, లేదా పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాస్తారు. నీ కథలో ఆమె ఏ విత్తనం వేసిందో ఒక్క ముక్క లేదు. ఆమెకు పేరు కూడా లేదనుకో. ఈమధ్య కథల్లో అందరూ 'ఆమె', 'అతను'. పేరు పెట్టడానికి ఏం రోగం?

ఇక అసలు మాటకు వస్తాను. 'ఒకే కప్పు కింద రెండు ప్రాణాలు, ఒకే తడి, ఒకే ఊపిరి' అని నాలుగు చోట్ల రాశావు. టమాటా అతను, కీరా ఆమె అని మాకు అర్థం కాదేమోనని చివర్లో విడమర్చి కూడా చెప్పావు. ఆ రెండింటికీ ఒకే ఊపిరి కుదరదు. కీరాకు గాలిలో తేమ కావాలి, 80 శాతం ఉన్నా హాయిగా పెరుగుతుంది. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్ళు తరచుగా అడుగుతుంది. టమాటాకు 60, 70 శాతం చాలు. అంతకు మించితే పుప్పొడి ముద్దకడుతుంది, ఆకులకు మచ్చ తెగుళ్ళు పడతాయి. నీళ్ళు ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే కాయ అడుగున నల్లగా కుళ్ళుతుంది. నీ నాయిక రెండింటి మీదా పైనుంచి వానలా చల్లుతుంది. వారం తిరక్కుండా టమాటా ఆకులు మాడిపోయేవి.

రెండూ కలిపి పెంచొచ్చు, చాలామంది పెంచుతున్నారు. టమాటాను తలుపు వైపు, గాలి తగిలే చోట పెడతారు. కీరాను లోపలి మూలకు తోసి, మధ్యలో ఒక షీటు వేలాడదీస్తారు. టమాటాకు మొక్క మొదలు దగ్గరే చుక్కచుక్కగా నీళ్ళిచ్చే డ్రిప్పు. కీరా వైపు నేల కూడా తడుపుతారు. పొద్దున లేవగానే పక్క తెర ఎంత ఎత్తాలి అన్నదే తగువు. ఎత్తితే కీరా వడలుతుంది, దించితే టమాటా ఉక్కిరిబిక్కిరి. తెల్లదోమ ఒకసారి లోపలికి వచ్చిందా, దానికి ఈ తేడాలేవీ లేవు, రెండింటి మీదా వాలుతుంది, ఆకుముడత తెగులు అంటిస్తుంది. పసుపు జిగురు అట్టలు కట్టుకుని, వాటికి అంటిన దోమలను రోజూ లెక్కపెట్టుకోవాల్సిందే. ఈ పని ఉన్నది ఉన్నట్టు రాయి. మొగుడూపెళ్ళాల మాట ఎత్తనే ఎత్తకు. తెర ఎత్తి దించే చెయ్యి కనిపిస్తే ఆ కాపురం మాకు కనిపిస్తుంది. నేను ఇన్నేళ్ళుగా నమ్మింది ఇదొక్కటే: పని రాస్తే మనిషి వస్తాడు. మనిషిని రాయబోతే ఉపన్యాసం వస్తుంది.

ఈ నమ్మకం వల్ల నాకు జరిగిన మేలు ఏమీ లేదు. మండీలో టమాటా ఏరి క్రేట్లలో సర్దే ఆడవాళ్ళ మీద నా తొలినాళ్ళలో ఒక కథ రాశాను. పచ్చివి దూరం లారీకి, దోరవి దగ్గర ఊరికి, పగిలినవి పక్కకు, ఆ ఏరడంలోనే కథంతా ఉంది. ఒక వారపత్రిక ఎడిటరు 'వ్యవసాయ విభాగానికి పంపగలరు' అని తిప్పికొట్టాడు. సరేనని వ్యవసాయ పత్రికకు పంపాను. 'కథలు ప్రచురించము' అని వచ్చింది. చివరికి ఒకాయన వేశాడు, వేస్తూ ఏరే భాగం మొత్తం కోసేసి, పైన కడవ ఎత్తుకున్న అమ్మాయి బొమ్మ వేయించాడు. కడవ ఎక్కడిదయ్యా అని అడిగితే 'పల్లె వాతావరణం కోసం' అన్నాడు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మాత్రం అలాంటి వాళ్ళే ఫోన్ చేసి 'మండీ మీద ఏదైనా రాయండి మేడమ్, అర్జెంటు' అన్నారు. రాయలేదు.

పోటీకి పంపాలా, పత్రికకా, పేరు మార్చాలా, తెలంగాణ మాటల్లో రాయొచ్చా అని ఏవేవో అడిగావు. మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో రాయడానికి నన్ను అడగడమేమిటి?

ముందు నెల సంగతి తేల్చుకో. నవంబరుకు మారిస్తే నీ టమాటాలు నీకు ఉంటాయి. మే నెలే కావాలంటే కాయ ఒక్కటి కూడా ఉండకూడదు, రాలిన పూలు ఊడ్చుకోవడమే ఉంటుంది. నాకైతే మే నెలే ఇష్టం. చివరి పేరా రెంటికీ పనికిరాదు, తీసెయ్.

తిరగరాశాక వాట్సాప్‌లో ఫొటోలు తీసి ముక్కలు ముక్కలుగా పంపకు, నా కళ్ళకు ఆనడం లేదు. ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి. మీ మిద్దె మీద వేసిన కీరా ఏ రకమో కూడా రాయి, మా కోడలు అడుగుతోంది.