పోలీసు యూనిఫాంలు కుట్టిన టైలర్

తల్లీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. యూదు కుటుంబాన్ని అటక మీద దాచిన ముసలాయన కథ. వాక్యం నీకు బాగా పలుకుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ ముసలాయన నాకు మనిషిలా కనపడలేదు, గోడ మీది దేవుడి పటంలా ఉన్నాడు. ఆయన కళ్లలో మానవత్వం వెలిగిందని మూడు చోట్ల రాశావు. అటక మీద ఉన్న ఐదుగురికి రేషన్ కార్డులు లేవు కదా, రొట్టె ఎక్కణ్ణుంచి వచ్చింది? వాళ్ల మలమూత్రాల బకెట్టు ఎవరు, ఏ వేళప్పుడు కిందికి దించి పారబోశారు? అదొక్కటీ రాయలేదు.

ఇది నీ ఒక్కదాని జబ్బు కాదులే. 1991లో గల్ఫ్ యుద్ధం టీవీలో చూసి నేనూ ఒకటి రాశాను. పేజీకి పది శవాలు. ఒక ఎడిటరు గారు తిప్పి పంపుతూ మార్జిన్‌లో ఒకే ముక్క రాశారు: "ఆ పొద్దున వాళ్ల పొయ్యి మీద ఏముంది?" నెల రోజులు ఆయన్ని తిట్టుకున్నాను.

యుద్ధం వచ్చిపడితే రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఏం చేయగలరని ఉత్తరంలో అడిగావు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏం చేశారో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌ని ఆక్రమించుకున్న నాజీ జర్మన్లు అక్కడ కళాకారులకో సంఘం పెట్టారు. అందులో పేరు రాయించుకుంటేనే పని, లేకపోతే పస్తులు. విల్లెమ్ అరొండేయుస్ అనే చిత్రకారుడు పేరు రాయించుకోలేదు. రాయించుకోవద్దని తోటివాళ్లకి దొంగచాటుగా ఒక పత్రిక నడిపాడు. పెద్ద పేరున్నవాడేం కాదు, డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. శిల్పి ఖెరిట్ వాన్ డెర్ వేన్, సెల్లో వాయించే ఫ్రీడా బెలిన్‌ఫాంటె, ఇలాంటివాళ్లంతా కలిసి, నాజీలు పట్టుకెళ్లి చంపుతున్న యూదుల కోసం నకిలీ గుర్తింపు కార్డులు తయారు చేసేవాళ్లు. అసలు కార్డులో వాటర్‌మార్కు, ఫొటో, వేలిముద్ర ఉండేవి. యూదులదైతే మీద పెద్ద 'జె' అక్షరం. బొమ్మలేసే చేతులకి, అచ్చుపని తెలిసినవాళ్లకి తప్ప లొంగే పని కాదది.

అయితే ఒక చిక్కుంది. కార్డు ఎంత బాగా చేసినా, అనుమానం వస్తే ఆఫీసులో జనాభా రిజిస్టరు తీసి సరిచూస్తారు. మన దగ్గర పొలం కాగితాన్ని పహాణీతో పోల్చి చూడరూ, అలాగే. అక్కడ ఆ పేరు లేకపోతే మనిషి దొరికిపోయినట్టే. అందుకని రిజిస్టరునే తగలబెడదాం అనుకున్నారు.

1943 మార్చి 27 రాత్రి పోలీసు వేషాల్లో రికార్డుల ఆఫీసుకి వెళ్లారు. ఆ యూనిఫాంలు కుట్టింది షూర్డ్ బకర్ అనే టైలర్. కాపలావాళ్లని చంపలేదు. బృందంలో ఉన్న వైద్య విద్యార్థులు మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. పక్కనే జూ. నిద్రపోతున్నవాళ్లని మోసుకెళ్లి ఆ తోటలో పడుకోబెట్టారు. డ్రాయర్లు లాగి రిజిస్టరు కార్డులు నేలమీద గుట్ట పోసి అంటించారు. ఫైరింజన్ కావాలనే నెమ్మదిగా వచ్చిందట. వచ్చాక, కాలనివి కూడా పాడయ్యేంత నీళ్లు కొట్టిందట! నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనవాళ్లు ఆ ఫైర్‌మెన్. వాళ్ల మీద ఎవరైనా ఒక మంచి కథ రాస్తే చదవాలని ఉంది.

మొత్తం కార్డుల్లో నాశనమైంది సుమారు 15 శాతమే అంటారు. కొద్ది రోజుల్లోనే చాలామంది పట్టుబడ్డారు. అరొండేయుస్ నేరమంతా తన మీద వేసుకున్నాడు. జులై 1న పన్నెండుమందిని కాల్చేశారు, టైలర్‌తో సహా. అరొండేయుస్ స్వలింగ ప్రేమికుడు. తనలాంటివాళ్లు పిరికివాళ్లు కారని లోకానికి చెప్పమని చివర్లో లాయరుతో కబురు పంపాడు.

పారిస్‌లో యూదుల కోసం నకిలీ కాగితాలు చేసిన ఆడొల్ఫో కామిన్‌స్కీ కూడా ఇలాంటివాడే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. అంతకుముందు బట్టలకి రంగులద్దే చోట పనిచేశాడు. పాలకేంద్రంలో వెన్నశాతం చూస్తారు చూడు, అలాంటి పరీక్షలో మీగడలో వేసిన నీలిరంగు విరిగిపోవడం కూడా చూశాడు. పాలు పులిస్తే వచ్చే ఆమ్లం పని అది. కార్డుల మీద చెరగని వాటర్‌మన్ కంపెనీ సిరాని ఎలా తీయాలో ఎవరికీ తోచనప్పుడు, లాక్టిక్ ఆమ్లం అన్నాడు. చెరిగింది! ఒకసారి మూడు రోజుల్లో 300 మంది పిల్లలకి 900 కాగితాలు కావాల్సి వచ్చాయి. గంటకి ముప్ఫై చేయగలను, గంట పడుకుంటే ముప్ఫైమంది పోతారు అని లెక్కేసుకుని మేలుకున్నాడు. ఆ లెక్క ముందు, కళ్లలో వెలిగే మానవత్వం ఏపాటి చెప్పు?

ఇంతదాకా వచ్చాక నా మాటకి నాకే ఒకటి అడ్డం పడుతోంది. కళాకారుడు తన పనితనాన్ని ఎదుటివాడి ప్రాణానికి పనికొచ్చేలా మలచాలి అన్నట్టు రాసుకొచ్చాను కదా. మరి చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్? వియన్నాలో పుట్టింది, జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడిలో చదివింది. 1942 డిసెంబరులో ఆమెని తెరెజిన్ ఘెట్టోకి, అంటే యూదుల్ని బంధించి ఉంచిన ఊరికి, తోలారు. మనిషికి 50 కిలోల సామానుకే అనుమతి. ఆమె అందులో రంగులు, కాగితాలు సర్దుకుంది. అక్కడ పిల్లలకి బొమ్మలు నేర్పింది. కాగితం అయిపోతే ఆఫీసు ఫారాలే చించి అతికించుకునేవాళ్లు. వాళ్లు ఎక్కువగా వేసింది ఘెట్టోని కాదు. ఇంట్లో భోజనాల బల్ల, పూలు, సీతాకోకచిలుకలు. బొమ్మలతో ఎవరి ప్రాణమూ నిలవలేదు. పిల్లల్లో ఎక్కువమందిని చంపేశారు. ఆమెని 1944 అక్టోబరులో ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపారు. వెళ్లేముందు రెండు సూట్‌కేసుల్లో దాచిన బొమ్మలు, సుమారు 4,500, యుద్ధం అయ్యాక ప్రాగ్ చేరాయి. ఇప్పుడు అక్కడి యూదు మ్యూజియంలో ఉన్నాయి. బొమ్మ అయ్యాక కింద పేరు రాయమని ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెప్పేదట. తన సొంత బొమ్మల మీద మాత్రం సంతకం పెద్దగా పట్టించుకునేది కాదు. ఇది దేనికి పనికొచ్చింది అంటే నా దగ్గర జవాబు లేదు. అయినా నాకు అరొండేయుస్ కంటే ఆవిడే ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

కథ తిప్పి పంపుతున్నాను. పెన్సిలు గీతలు చూసి టెన్షన్ పడకు, సగం నా చాదస్తం. మళ్లీ రాసి పంపు, తొందరేం లేదు. ఒక్కటి మాత్రం చూడు. అటక మీద ఆరేళ్ల పిల్ల ఉందన్నావు, కథ మొత్తంలో ఆ పిల్లకి పేరు పెట్టలేదు.

ఆశీస్సులతో.