పిల్లికి పచ్చి మాంసం: ఒట్టి కండ చాలదు, పచ్చి చేప పనికిరాదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. వడ్ల గోతాల దగ్గర ఎలుకల కోసం మూడు పిల్లులను పెంచుతున్నాం. వాటిలో ఒకటి చూలుతో ఉంది. కొన్ని నెల్లూరు గొర్రెలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ పిల్లులకు పెరుగన్నం, చేపల తలకాయలు పెట్టాం. ఇంట్లోనే పచ్చి మాంసం కలిపి పెడితే ఆరోగ్యంగా ఉంటాయని మా పిల్లలు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి? చవగ్గా దొరికే కవళ్ళు పచ్చివే వేయవచ్చా? – ఒక రైతు

జవాబు: పచ్చి కవళ్ళు మాత్రం వేయకండి. కవళ్ళు, నెత్తళ్ళు, చెరువుల్లో పెంచే బంగారుతీగ లాంటి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది మేతలోని బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. రోజూ పచ్చి చేపే తినే పిల్లి కొన్ని వారాల్లోనే మేత మానేస్తుంది, తూలి నడుస్తుంది. మెడ నిలపలేక గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత మూర్ఛలు వస్తాయి. చేపను ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది. కాబట్టి ముల్లు తీసిన ఉడికించిన కవళ్ళను వారానికి ఒకటి రెండు సార్లు పెట్టండి. పిల్లి ఒంట్లో ఎండవల్ల డి విటమిన్ తయారు కాదు, అది మేత నుంచే రావాలి. ఆ లోటును ఈ చేపలు కొంత తీరుస్తాయి. రోజూ మాత్రం వద్దు. చేప నూనె మితిమీరి, దానికి తగ్గ ఇ విటమిన్ అందకపోతే చర్మం కింది కొవ్వు గట్టిపడి, ముట్టుకుంటేనే నొప్పితో అరుస్తుంది.

పిల్లి పూర్తిగా మాంసాహారి, ఆ మాట నిజమే. అయితే మాంసాహారం అంటే కండ ఒక్కటే కాదు. మీ పిల్లులు పెరుగన్నం తిని కూడా ఇన్నాళ్ళు నిలబడ్డాయంటే, గోతాల దగ్గర పట్టిన ఎలుకలే కారణం. ఎలుకను ఎముకలు, గుండె, కార్జంతో సహా తినేస్తుంది. ఎముకల్లో కాల్షియం, గుండెలో టారిన్ (పిల్లి గుండెకు, చూపుకు తప్పనిసరైన పోషకం), కార్జంలో ఎ విటమిన్ ఉన్నాయి. ఆకుకూరల్లో, క్యారెట్లో ఉండే కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చుకునే శక్తి పిల్లికి లేదు. టారిన్‌ను కూడా తగినంత తయారు చేసుకోలేదు. ఇంటి మేత ఏదైనా ఎలుకలో ఉన్నవన్నీ అందులోనూ ఉండాలి. అందరూ తప్పేది ఇక్కడే. స్కిన్‌లెస్ చికెన్ ముక్కలు కోసి పెట్టి, మంచి మేత పెడుతున్నామనుకుంటారు.

ఎముక లేని కోడి కండలో కాల్షియం కంటే భాస్వరం 15 రెట్లకు పైగా ఎక్కువ. రెండూ దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా ఉండాలి. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. పిల్లికూనల్లో అయితే కొద్ది వారాలకే కుంటడం, గెంతడానికి భయపడటం, చిన్న దెబ్బకే కాలు విరగడం కనిపిస్తాయి. దీనికి ఖర్చు లేని మందు కోడిగుడ్డు పెంకు. పెంకులను కడిగి, పది నిమిషాలు మరిగించి, బాగా ఎండబెట్టి, మిక్సీలో వేసి పలచటి గుడ్డలో జల్లించండి. వేళ్ళ మధ్య రుద్దితే పౌడర్‌లా జారాలి, గరుకు తగలకూడదు. ఒక గుడ్డు పెంకుకు సుమారు 5 గ్రాముల పొడి వస్తుంది. అది కిలో మేతకు సరిపోతుంది. గొర్రెలకు వాడే మినరల్ మిక్చర్‌గానీ డీసీపీ (డై కాల్షియం ఫాస్ఫేట్) గానీ కలపకండి, వాటితో భాస్వరం ఇంకా పెరుగుతుంది. సున్నం అసలే వద్దు, నోరు పొక్కుతుంది.

కిలో మేతకు కొలతలు ఇవి. ఎముక తీసిన కోడి తొడ మాంసం 750 గ్రాములు, కోడి గుండెకాయలు 150, కార్జం 50, ఒక గుడ్డు, పెంకు పొడి 5 గ్రాములు, అయోడైజ్డ్ ఉప్పు 2 గ్రాములు, నీళ్ళు ఒక గ్లాసు. వీటిపైన టారిన్ 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ రెండు, ఇ విటమిన్ 200 క్యాప్సూల్ ఒకటి, బి కాంప్లెక్స్ మాత్ర ఒకటి పొడి చేసి కలపాలి. తొడ మాంసమే ఎందుకంటే రొమ్ము కండ కంటే ఇందులో టారిన్ ఎక్కువ. కార్జం రుచికి పిల్లులు ఎగబడతాయి, అలాగని పెంచకండి. ఎ విటమిన్ ఒంట్లో పేరుకుపోతే మెడ ఎముకలు అతుక్కుపోయి తల తిప్పలేవు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏ రూపంలోనూ తగలకూడదు, ఉల్లి రక్తకణాలను చిదిపేస్తుంది. రోజూ ఇదే మేతతో పెంచదలిస్తే జింకు, మాంగనీసు వంటి సూక్ష్మ పోషకాల కోసం పిల్లులకని అమ్మే విటమిన్–ఖనిజ మిశ్రమాన్ని డాక్టరును అడిగి కలపండి.

ఇక పచ్చిగా పెట్టాలా, ఉడికించాలా? మన ప్రాంతంలో ఉడికించి పెట్టడమే మేలని మా గట్టి సలహా. దుకాణంలో కోసిన కోడి ఎండపూట గంటలకొద్దీ బయటే వేలాడుతుంది. సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ క్రిములు దానిపై పెరుగుతాయి. పిల్లికి ఏమీ కాకపోయినా దాని మలం, నోటి ద్వారా ఇంట్లోని పసిపిల్లలకు, ముసలివాళ్ళకు సోకుతాయి. పైగా 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ పచ్చి కోడి మాంసం ద్వారా పిల్లులకు సోకి వాటిని చంపుతుంది. ఫారంలో చచ్చిన కోడిని, దుకాణాల్లో పారేసే తలకాయలు, పేగులను ఎప్పుడూ వేయకండి. ఉడికిస్తే పోషకాలన్నీ పోతాయన్న భయం అక్కర్లేదు. టారిన్ ఎక్కువగా నీళ్ళలోకి దిగుతుంది. మాంసం, గుండెకాయలు, కార్జం, గుడ్డును ఆ గ్లాసు నీళ్ళతో మూతపెట్టి, ఎర్రదనం పోయేదాకా సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచి, ఆ రసంతోనే కలిపి పెట్టండి. టారిన్, విటమిన్లు, పెంకు పొడి చల్లారాకే కలపాలి. ఉడికిన ఎముక ఒక్కటి కూడా మిగలకుండా చూడండి, సూదుల్లా చీలి పేగును చీలుస్తుంది.

అయినా పచ్చిగానే పెడతామంటే, తెల్లవారుజామున మీ కళ్ళముందే కోయించుకుని, వెంటనే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 12 డిగ్రీల కంటే చల్లగా కనీసం మూడు రోజులు ఉంచండి. దాంతో మాంసంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తిత్తులు చస్తాయి. బాక్టీరియా, ఫ్లూ వైరస్ మాత్రం చావవు. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లోని ఐసు గడిని ఇందుకు నమ్మవద్దు, కరెంటు పోయి వస్తుంటే అంత చల్లదనం నిలవదు. గుడ్డును మాత్రం ఉడికించే కలపండి, పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను అందనివ్వదు. తీసిన మేతను ఫ్రిజ్ కింది అరలోనే కరగనిచ్చి, ఒక రోజులో వాడేయాలి. పీట, కత్తి విడిగా పెట్టుకోండి. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

మూడు నుంచి నాలుగు కిలోల పిల్లికి రోజుకు 100 నుంచి 130 గ్రాములు, రెండు పూటలుగా పెట్టాలి. మీ మూడింటికి కిలో మేత రెండున్నర నుంచి మూడు రోజులకు వస్తుంది. ఒక్కసారిగా మార్చకండి. మొదటి నాలుగు రోజులు పాత మేతలో చెంచాడు కలపండి. విరేచనం గట్టిగానే ఉంటే ఇంకో చెంచా, ఇలా రెండు మూడు వారాల్లో అన్నాన్ని తగ్గిస్తూ రండి. పలచబడితే రెండు రోజులు అక్కడే ఆగండి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టడం ప్రమాదం. బలిసిన పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని కామెర్లు వస్తాయి. ఒక రోజంతా ముట్టకపోతే పాత మేతే పెట్టండి. ఎండాకాలంలో అరగంటలో తినకుండా వదిలిన మేతను పారేయండి.

చూలు పిల్లికి పచ్చిది పూర్తిగా మానేసి, ఉడికించిన మేతనే మూడు నాలుగు సార్లుగా పెట్టండి. ఈనే రోజులకు మేత ఒకటిన్నర రెట్లు, పాలిచ్చేటప్పుడు రెండు మూడు రెట్లు కావాలి. దానికి ఒక్క రోజు కూడా టారిన్ తప్పనివ్వకండి, లోటు వస్తే కూనలు సరిగా ఎదగవు.

గొర్రెల సంగతి మీరు అడగలేదు గానీ తప్పక చెప్పాలి. పచ్చి మాంసం, ఎలుకలు తిన్న పిల్లి, ముఖ్యంగా లేత పిల్లి, టాక్సోప్లాస్మా సోకితే ఒకటి నుంచి మూడు వారాలు మలంలో దాని గుడ్లను వదులుతుంది. ఆ మలం గడ్డివాములో, తవుడు గోతాల్లో పడితే, అది తిన్న చూలు గొర్రెలు ఈసుకుపోతాయి (చూలు పోతుంది). గొర్రెల దాణాకు మూతలు పెట్టండి. పిల్లులకు ఇసుక తొట్టి పెట్టి రోజూ ఎత్తేయండి, ఆ గుడ్లు ఇతరులకు సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఈసుకుపోయిన పిల్లలను, మాయను పిల్లులకు, కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. పొలంలో ఎలుకల మందులైన జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలు పెట్టిన రోజుల్లో పిల్లులను ఇంట్లోనే కట్టడి చేయండి.

మేత మార్చిన తర్వాత వారానికోసారి తూకం వేయండి. చీకట్లో గోడలకు తగలడం, కనుపాపలు వెలుతురులోనూ విచ్చుకునే ఉండటం, కాస్త నడిస్తేనే ఆయాసపడటం టారిన్ లోటుకు గుర్తులు. గుండె జబ్బును తొలిదశలో పట్టుకుంటే టారిన్‌తో చాలావరకు కోలుకుంటుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మెడ వాలిపోయిన పిల్లికి ఆ రోజే పశువుల ఆసుపత్రిలో బి1 ఇంజెక్షన్ చేయించండి. నొప్పి, జ్వరం అని ఇంట్లో పారాసెటమాల్ బిళ్ళ వేయకండి, ఒక్క బిళ్ళతోనే పిల్లి ప్రాణం పోతుంది.