మోకాళ్లకు సముద్రస్నానం సరే, కిడ్నీల సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 61. పదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మూడో గ్రేడు అన్నారు. ఆపరేషన్ అంటే భయం. నొప్పి ఎక్కువైనప్పుడు మెడికల్ షాపులో ఇచ్చే ఏసిక్లోఫెనాక్, పారాసెటమాల్ మాత్ర వేసుకుంటే హాయిగా ఉంటుంది. మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్‌లో మాంట్‌పెలియర్‌లో ఉంటారు. జూన్‌లో మమ్మల్ని రమ్మంటున్నారు. దగ్గర్లో లా గ్రాండ్ మాట్ అనే బీచ్ ఊళ్లో సముద్రపు నీటితో థలాసోథెరపీ అని చేస్తారట. ఆరు రోజుల ప్యాకేజీ. దానితో మోకాళ్లలో గుజ్జు మళ్లీ పెరుగుతుందా? ఆ ఆరు రోజులూ షుగర్, బీపీ మాత్రలు ఆపేయొచ్చా? ఆరు రోజులు సరిపోతాయా, పన్నెండు రోజులు చేయించుకోవాలా? తిరగడం ఎక్కువ ఉంటుంది కాబట్టి నొప్పి మాత్రలు నాలుగు షీట్లు తీసుకెళ్దామనుకుంటున్నాను. మిగతా రిపోర్టులన్నీ నార్మలే. పోయిన దసరాకి చేయించిన క్రియాటినిన్ 1.2.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీరు మోకాళ్ల గురించి అడిగారు. నేను మాత్రం మీ చివరి రెండు వాక్యాల నుంచి మొదలుపెడతాను. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు ముఖ్యమైనది చెప్పేస్తే నాకు నిశ్చింత.

క్రియాటినిన్ 1.2 నార్మల్ అని మీకు ఎవరు చెప్పారో గానీ, ల్యాబ్ కాగితం మీద పక్కన ఉండే అంకెల్ని చూసి మీరే అనుకుని ఉంటారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. ఆ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్క కట్టాలి. దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె. కండబలం ఉన్న పాతికేళ్ల కుర్రాడికి 1.2 ఉంటే నేను పట్టించుకోను. 61 ఏళ్ల ఆడమనిషికి 1.2 అంటే ఈజీఎఫ్ఆర్ దాదాపు 50 దగ్గర వస్తుంది. 60కి తగ్గితే మేం జాగ్రత్తపడతాం. ఒక్క రిపోర్టుతో కిడ్నీ జబ్బు అని ముద్ర వేయకూడదు. ఆ రోజు నీళ్లు తక్కువ తాగి ఉండొచ్చు, ల్యాబ్‌లో తేడా ఉండొచ్చు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక సమస్య అంటాం. మీ విషయంలో దసరా నుంచి ఇప్పటికి మూడు నెలలు ఎప్పుడో దాటాయి, మళ్లీ పరీక్ష మాత్రం జరగలేదు. పదేళ్ల షుగర్, ఆరేళ్ల బీపీ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూపించుకోవాలి. మూత్రంలో ఆల్బుమిన్ ఊసే మీ ఉత్తరంలో లేదు.

ఇక ఆ నొప్పి మాత్ర. ‘వేసుకుంటే హాయిగా ఉంటుంది’ అన్నారు. ఉంటుంది, అందుకే నాకు భయం. నెలకు ఎన్ని వేసుకుంటున్నారో రాయలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఈ లెక్క సరిగ్గా చెప్పరు. ‘ఎప్పుడైనా ఒకటి’ అంటారు, పక్కనున్న కోడలు ‘రోజూ వేసుకుంటుంది సార్’ అంటుంది. ఏసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే కుటుంబం. మీరు వేసుకునే బీపీ మాత్రలో ఉన్న రెండు మందులతో ఈ కుటుంబానికి పడదు.

కిడ్నీలోకి రక్తం తీసుకొచ్చే సన్నని నాళాన్ని నొప్పి మాత్ర బిగించేస్తుంది. బయటికి తీసుకెళ్లే నాళాన్ని టెల్మిసార్టన్ వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. చెరువుకి వచ్చే కాలువ మూసేసి, కింద తూము ఎత్తేసి, ఉన్న నీళ్లను ఎండకు వదిలేసినట్టు. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ విడిగా మంచి మందులే, మీ బీపీకి అవసరమైనవే. వాటికి నొప్పి మాత్ర తోడై, ఆ పైన చెమటో వాంతులో విరేచనాలో కలిస్తే కొందరికి రోజుల్లోనే క్రియాటినిన్ పెరిగిపోతుంది. మూత్రం తగ్గేదాకా బయటికి తెలియదు. చాలామంది మా దగ్గరికి వచ్చేది అప్పుడే. ఇది కాక ఈ మాత్రలు బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు పెడతాయి. మీ బీపీ ఎంత ఉంటోందో కూడా రాయలేదు.

ఇప్పుడు మీ ప్రయాణం చూడండి. జూన్‌లో మెడిటరేనియన్ తీరంలో ఎండ గట్టిగానే ఉంటుంది. వేడి నీటి తొట్లు, ఆవిరి గది, రోజంతా తిరుగుడు. దానికి తోడు ఒక చిత్రమైన విషయం ఉంది. మనిషి మెడ దాకా నీళ్లలో కూర్చుంటే నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని శరీరం మూత్రం ఎక్కువ చేస్తుంది. అంటే నీళ్లలో ఉండి కూడా ఒంట్లో నీరు పోగొట్టుకుంటారు. అలాంటి ఆరు రోజులకు నాలుగు షీట్ల నొప్పి మాత్రలు తోడు తీసుకెళ్తానంటున్నారు. వద్దు. ఒక్క షీటు కూడా వద్దు. మరి నొప్పికి ఏం చేయాలి అంటే, ఉత్త పారాసెటమాల్ ఎంత మోతాదులో వాడొచ్చో, పైన రాసుకునే జెల్ మీకు సరిపడుతుందో లేదో మీ డాక్టర్ చెప్పాలి. మీరిప్పుడు వేసుకునే మాత్రలోనూ పారాసెటమాల్ ఉందని గుర్తుంచుకోండి. రెండూ కలిపి వేసుకునేవాళ్లు ఉన్నారు.

అక్కడ కొనుక్కుందాం అనుకుంటారేమో. ఫ్రాన్స్‌లో 2020 జనవరి నుంచి ఐబుప్రొఫెన్‌ను, పారాసెటమాల్‌ను కూడా ఫార్మసీలో అరల్లోంచి తీసుకోనివ్వరు, కౌంటర్ వెనక పెడతారు, అడిగితే ఫార్మసిస్టు ఇస్తాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది. మన దగ్గర ‘మోకాళ్ల నొప్పికి ఏదైనా ఇవ్వు బాబూ’ అంటే చాలు, పేరు లేకుండా కత్తిరించిన నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. తెలిసినవాళ్లు ఇచ్చారని ఆకుపచ్చ పొడులూ, నాటు మందులూ వాడుతుంటే అవి కూడా మీ డాక్టర్‌కు చెప్పండి. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు, షుగర్ ఎందుకు దిగట్లేదో తెలియక మేం మందులు పెంచుకుంటూ పోతాం.

థలాసో గురించి. గుజ్జు పెరగదు. సముద్రపు నీళ్లకే కాదు, ఇప్పుడున్న ఏ స్నానానికీ, ఏ మాత్రకీ మూడో గ్రేడు అరుగుదలను వెనక్కి తిప్పే శక్తి ఉన్నట్టు రుజువు లేదు. వేడి నీళ్లలో హాయిగా ఉండటం మాత్రం నిజం. నడుము లోతు నీళ్లలో నిలబడితే మోకాళ్ల మీద పడే బరువు సుమారు సగమవుతుంది, ఛాతీ దాకా దిగితే ఇంకా తగ్గుతుంది. మెడిటరేనియన్‌లో లీటరుకు 38 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, మన బంగాళాఖాతం కన్నా ఎక్కువే, కాబట్టి తేలడం కాస్త సులువు. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. నేల మీద చేయలేని వ్యాయామం నీళ్లలో చేయగలుగుతారు. నీళ్లలో వ్యాయామం మీద జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే మోకాళ్ల నొప్పి, కదలిక కొద్దిగా, కొంతకాలం పాటు మెరుగవుతాయని తేలింది. మేలు చేసేది వ్యాయామం. సముద్రపు నీళ్లలోని ఖనిజాలు చర్మం గుండా మోకాల్లోకి దిగుతాయనే బ్రోషర్ మాటలను నేను నమ్మను.

ఫ్రాన్స్‌లో ఈ థలాసో ప్రచారంలోకి రావడానికి ఒక సైక్లిస్టు పెద్ద కారణం. టూర్ ది ఫ్రాన్స్ సైకిల్ పందేన్ని 1953, 54, 55లో వరసగా గెలిచిన లూయిసాన్ బొబే. 1961లో కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి, బ్రిటనీ తీరంలోని రోస్కాఫ్‌లో సముద్రపు నీటి చికిత్సతో కోలుకుని, 1964లో బ్రిటనీలోనే ఉన్న కిబెరాన్‌లో తనే ఒక కేంద్రం తెరిచాడు. అది ప్రమాదంలో గాయపడ్డ క్రీడాకారుడి శరీరం. మీ అరుగుదల వేరు. ఇంకోటి, డాక్టర్ రాసిస్తే వేడి నీటి బుగ్గల దగ్గర మూడు వారాల చికిత్సకు ఖర్చులో కొంత భరించే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా థలాసోకి మాత్రం ఇవ్వదు. కాబట్టి ఆరు రోజులా పన్నెండా అన్న ప్రశ్నకు నా దగ్గర వైద్యపరమైన జవాబు లేదు, అది మీ అల్లుడి పర్సు చూసుకోవలసిన విషయం. ఆ డబ్బులో కొంత పెడితే హనుమకొండలో మంచి ఫిజియోథెరపిస్టు మూడు నెలలు తొడ కండరాల వ్యాయామాలు నేర్పిస్తారు. వెళ్లొద్దని అనను. కూతురి దగ్గర ఆరు రోజులు హాయిగా ఉండటం కూడా మంచిదే. వైద్యం అనుకుని వెళ్లకండి.

మాత్రలు ఆపే మాట మళ్లీ అనకండి. సముద్రపు నీళ్లు షుగర్‌కి మందు కాదు. నిజానికి మీకు అక్కడ షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ. గ్లిమిపిరైడ్ వేసుకుని, అక్కడి చిన్న బ్రెడ్డు ముక్క తిని, వెంటనే నీళ్లలో వ్యాయామానికి దిగితే షుగర్ తగ్గిపోతుంది. కిడ్నీలు మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. పైగా చెమట పట్టడం మొదటి హెచ్చరిక, నీళ్లలో అది తెలియదు. కాబట్టి తిన్నాకే దిగండి, గట్టు మీద గ్లూకోజ్ గానీ చక్కెర గానీ పెట్టుకోండి, ఒంటరిగా దిగకండి. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లకు వేడి నీళ్లలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. తడి టైల్స్ మీద పడితే మోకాలు కాదు, తుంటి పోతుంది. రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా లేవండి. ఆవిరి గది మీకొద్దు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏ మాత్ర తాత్కాలికంగా ఆపాలో మీ డాక్టర్‌తో ముందే రాయించుకోండి. ఆ నిర్ణయం మీది కాకూడదు.

పాదాలు. పదేళ్ల షుగర్‌లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, పరీక్ష చేయించుకున్నారా? స్పర్శ లేని కాలికి వేడి నీళ్లు కాలుస్తున్నాయో లేదో తెలియదు, ఎండకు కాగిన ఇసుకా తెలియదు. ఒట్టి కాళ్లతో బీచ్‌లో నడవకండి, నీళ్లలోనూ రబ్బరు చెప్పులుండాలి. అక్కడ రాళ్ల దగ్గర ముళ్ల సముద్రజీవులుంటాయి. మడమలకు పగుళ్లుంటే, పుండు ఉంటే నీళ్లలో దిగకండి.

సముద్రపు నాచు పూతల గురించి మీరు అడగలేదు గానీ, ప్యాకేజీలో ఉంటాయి. థైరాయిడ్ సమస్య ఉంటే ముందే చెప్పాలి, నాచులో అయోడిన్ ఎక్కువ. అక్కడి దుకాణంలో నాచు మాత్రలూ, తాగే సముద్రపు నీటి ఆంప్యూళ్లూ అమ్ముతారు. బీపీ ఉన్న మనిషి సముద్రపు నీళ్లు డబ్బు పెట్టి కొనుక్కుని తాగడం ఏమిటో నాకైతే అర్థం కాదు. చేరేటప్పుడు సాధారణంగా ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు. భాష రాదని అమ్మాయి చేత అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టించకండి.

వీసా కోసం 30,000 యూరోల బీమా ఎలాగూ తీసుకుంటారు. అందులో ముందే ఉన్న షుగర్, బీపీలకు కవరేజీ ఉందో లేదో చదవండి, దాచకండి. మందులు చేతి సంచిలో, చీటీ మీద జెనరిక్ పేర్లతో. విమానంలో గంటకోసారి లేచి నడవండి. దిగాక ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినా, మూత్రం బాగా తగ్గినా, మలం నల్లగా వచ్చినా స్పాలో వాళ్లను సలహా అడుగుతూ కూర్చోకండి. అక్కడ అంబులెన్స్‌కి 15 గానీ 112 గానీ.

మీ ఉత్తరం చదివి చెబుతున్నానే గానీ మిమ్మల్ని చూడలేదు, రిపోర్టులు చూడలేదు. మార్చవలసిన మందులేమైనా ఉంటే అది మిమ్మల్ని చూసే డాక్టర్ చేయాలి. ఈ వారంలో క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. పరీక్షకు ముందు నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, నెలకు ఎన్ని వేసుకుంటున్నారో నిజం చెప్పండి. ఈసారి కోడలినో, మీ ఆయననో వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ గురించి ఆర్థోపెడిక్ సర్జన్‌తో మాట్లాడటానికి కూడా ఈ రిపోర్టులే కావాలి, భయపడి వాయిదా వేసే కొద్దీ నొప్పి మాత్రల లెక్క పెరుగుతుంది. రిపోర్టులు వచ్చేదాకా థలాసో ప్యాకేజీకి అడ్వాన్సు కట్టవద్దని అల్లుడికి చెప్పండి. కట్టేసి ఉంటే తేదీ మార్చుకునే వీలుందో లేదో ఇప్పుడే కనుక్కోమనండి.