నొప్పి బిళ్ళ వేసుకుని పరుగు తీస్తున్నారా? ముందు ఆపండి

ప్రశ్న: నా వయసు 20. మాది కవిటి మండలం. అగ్నివీర్ ర్యాలీ కోసం శ్రీకాకుళంలో స్నేహితులతో రూములో ఉంటూ పొద్దున్నే పరుగు, సాయంత్రం జిమ్ చేస్తున్నాను. రెండు నెలలుగా కుడికాలికి మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పిగా ఉంటోంది. మొదట్లో కాస్త దూరం పరుగెత్తాక తగ్గిపోయేది, ఇప్పుడు రాత్రి పడుకున్నా సలుపుతోంది. బెంచ్ ప్రెస్ చేసినా, బీమ్ (పుల్ అప్స్) కొట్టినా కుడి భుజం కూడా పట్టేస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ళలు పూటకొకటి వేసుకుంటే పరుగెత్తగలుగుతున్నాను. ఊరెళ్ళినప్పుడు ఒక ఇంజక్షన్ చేయించుకుంటే వారం రోజులు హాయిగా ఉంది. ర్యాలీకి ఇంకా ఏడు వారాలే టైముంది. ఏ నీ క్యాప్ (మోకాలి పట్టీ) కొనాలి? పది రోజులు ఫిజియోథెరపీలో కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందా? మా నాన్నకి క్రియాటినిన్ ఎక్కువుందని మందులు వాడుతున్నారు, అది కూడా రాయమని ఫ్రెండ్ అన్నాడు.
– ఒక పాఠకుడు

జవాబు: ఆ ఫ్రెండ్‌కి ముందు థాంక్స్ చెప్పండి. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అతను రాయించిందే.

నీ క్యాప్ సంగతి తర్వాత చూద్దాం. నన్ను కంగారు పెట్టినవి రెండు. ఒకటి, పడుకున్నా కాలు సలుపుతోందనడం. రెండు, నాన్నగారికి క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీ సమస్య ఉందని తెలిసీ మీరు పూటకో నొప్పి బిళ్ళ మింగుతూ ఉండటం.

కాలు సంగతి. పరుగు ప్రాక్టీసు చేసేవాళ్ళకి అక్కడ నొప్పి రావడం మామూలే, మేం షిన్ స్ప్లింట్స్ అంటాం. ఎముక లోపలివైపు అంచు వెంబడి, కింది సగంలో, నాలుగైదు వేళ్ళ మేర నొప్పి పరుచుకుని ఉంటుంది, కాస్త వేడెక్కాక తగ్గుతుంది, ఆపాక మళ్ళీ వస్తుంది. మొదట్లో మీకున్నది బహుశా అదే. కానీ ఇప్పుడు రాత్రి కూడా నొప్పి అంటున్నారు కాబట్టి స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని చీలిక మొదలైందేమోనని అనుమానించాలి. చూడకుండా ఇదీ అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒక పని చేయండి. మంచం మీద కూర్చుని బొటనవేలితో ఆ ఎముక వెంబడి పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ రండి. చాలాచోట్ల కొద్దికొద్దిగా నొప్పి ఉంటే ఒక లెక్క. ఒకేచోట, వేలి కొన పట్టినంత మేర నొక్కగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటే అది వేరే లెక్క, ముఖ్యంగా ఆ చోటు ఎముక ముందు అంచు మీద ఉంటే అక్కడి చీలిక సరిగా అతకదు, పూర్తిగా విరిగే ప్రమాదం కూడా ఉంది. ఒంటికాలి మీద గెంతి చూసుకోమని యూట్యూబ్‌లో చెబుతుంటారు. మీరు గెంతకండి, ఆ పరీక్ష డాక్టర్ ముందు అవసరమైతే చేస్తారు.

ఎందుకిలా అవుతుందంటే, పరుగు పెట్టినప్పుడల్లా ఎముక కొద్దిగా అరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ కట్టుకుంటుంది. రోడ్డు మీద గొయ్యి పూడ్చి తారు ఆరకముందే లారీలు తిప్పినట్టు, అది కట్టుకునే టైము ఇవ్వకుండా రోజూ పరుగెడితే అరుగుదలే మిగులుతుంది. మీ వయసువాళ్ళు ర్యాలీ తేదీ తెలియగానే ఒక్కసారిగా దూరం పెంచేస్తారు, అదీ తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన షూతో. ఆర్ట్స్ కాలేజీ మైదానం ఉండగా రోడ్డెందుకో నాకు అర్థం కాదు.

వెంటనే ఎక్స్‌రే తీయించి, ‘అందులో ఏమీ లేదు సార్’ అని వచ్చేవాళ్ళు చాలామంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, కొందరికి ఆ తర్వాతా కనపడదు. అనుమానం గట్టిగా ఉంటే ఎమ్మారై తీయాల్సి రావచ్చు. అందుకే పరీక్ష ఏది చేయాలో చేత్తో చూసిన డాక్టర్ని నిర్ణయించనివ్వండి. అప్పటిదాకా పరుగు, తాడాట, గొయ్యి దూకడం పూర్తిగా బంద్. నడిచినా నొప్పి పుడితే నడక కూడా తగ్గించాలి.

ఇప్పుడు బిళ్ళల సంగతి. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

ఆ బిళ్ళ పేరు మీరు రాయలేదు. మన దగ్గర మెడికల్ షాపులో ఒళ్ళు నొప్పులంటే ఇచ్చేది ఎక్కువగా డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్‌లలో ఏదో ఒకటి, లేదా వాటిలో పారాసెటమాల్ కలిపిన బిళ్ళ. కిడ్నీలోకి రక్తం సాఫీగా వెళ్ళడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు సాయం చేస్తాయి. ఈ మందులు నొప్పి తగ్గించేది వాటిని అడ్డుకునే. మామూలుగా నీళ్ళు బాగా తాగుతూ నీడపట్టున ఉండే కుర్రాడికి డాక్టర్ రాసిచ్చిన నాలుగు రోజుల కోర్సుతో సాధారణంగా ఏమీ కాదు. మీరు చేస్తున్నది అది కాదు కదా. ఖాళీ కడుపున బిళ్ళ వేసుకుని, ఉక్కపోతలో చొక్కా పిండితే నీరు కారేంత చెమట పట్టేదాకా పరుగెత్తి, సాయంత్రం మళ్ళీ ఇంకోటి వేసుకుని బరువులెత్తుతున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడే కిడ్నీకి ఆ సాయం ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే మీరు దాన్ని ఆపేస్తున్నారు.

కవిటి మండలం కుర్రాడికి కిడ్నీ గురించి నేను చెప్పాలా బాబూ! ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఊళ్ళో చూసినా డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనుషులున్నారు, పలాసలో దానికోసమే ఆసుపత్రి కట్టారు. ఈ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకి నొప్పి బిళ్ళలే కారణమని నేను అనడం లేదు, దాని అసలు కారణం ఇంతవరకూ కచ్చితంగా తేలలేదు, షుగరు బీపీ లేనివాళ్ళకీ వస్తోంది. కానీ కారణం తెలియని జబ్బు ఇంట్లోనే ఉన్నప్పుడు, కిడ్నీని దెబ్బతీస్తుందని బాగా తెలిసిన మందును దానికి తోడు చేయడం ఎందుకు? పైగా ఈ జబ్బు చాలాదూరం వెళ్ళేదాకా ఏ బాధా చూపించదు. ‘నాకేం లేదు, బాగానే ఉన్నాను’ అన్న మాటకి ఇక్కడ విలువ లేదు.

కాబట్టి ఈ వారంలోనే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలు చేయించండి, బీపీ చూపించుకోండి. పరీక్షకి ముందు రోజు పరుగూ జిమ్మూ పెట్టుకోకండి, గట్టి వ్యాయామం తర్వాత మూత్రంలో ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరుగుతుంది, అనవసరంగా టెన్షన్ పడతారు. జిమ్‌లో ఎవరైనా క్రియేటిన్ పౌడర్ ఇచ్చి ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి, దానివల్ల క్రియాటినిన్ లెక్క కాస్త ఎక్కువగా చూపించవచ్చు. ఇంకోటి, బాగా బరువులెత్తిన మర్నాడో మూడో రోజో మూత్రం కోలా రంగులో వస్తే ఓపీ టోకెన్ కోసం చూడకుండా క్యాజువాలిటీకి వెళ్ళిపోండి. కండ విపరీతంగా దెబ్బతిని, అందులోంచి వచ్చే పదార్థం కిడ్నీలో అడ్డుపడుతున్నట్టు కావచ్చు.

ఆ ఇంజక్షన్ ఏమిటో నాకు తెలియదు. వారం రోజులు హాయిగా ఉందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడిగి తెలుసుకోండి. ఉంటే మాత్రం ఇంకోసారి వద్దు. అసలు మీ కాలికి ఆ బిళ్ళా, ఆ ఇంజక్షనూ చేసిన మంచేమీ లేదు. నొప్పి తెలియకుండా చేసి, ఆగాల్సినచోట ఆగకుండా రెండు నెలలు పరుగెత్తించాయి, అంతే. డాక్టర్ చూసేలోపు భరించలేకపోతే ఉత్త పారాసెటమాల్ 500 ఒకటి, రోజుకి మూడుకి మించకుండా, రెండు మూడు రోజులు వాడొచ్చు. లివర్ సమస్యో మద్యం అలవాటో ఉంటే అదీ అడిగే వాడాలి. షాపులో ఇచ్చిన బిళ్ళలోనూ పారాసెటమాల్ ఉండొచ్చు కదా, రెండూ కలిపి వేసుకునేరు.

ఇక ఫిజియోథెరపీ. కరెంటు పెట్టించుకోవడమే ఫిజియోథెరపీ అని మన జనంలో బాగా నాటుకుపోయింది. ఆ మెషీన్లు కొందరికి నొప్పి తగ్గించవచ్చు, కాదనను, కానీ పది రోజులు కరెంటు పెట్టించుకుని పదకొండో రోజు మైదానానికి వెళ్తే పన్నెండో రోజు మళ్ళీ అక్కడికే వస్తారు. అసలు వైద్యం వ్యాయామమే. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన ఫిజియోథెరపిస్టు మీ నడక, పాదం, తుంటి బలం చూసి, ఏ కండ బలహీనంగా ఉందో పట్టుకుంటారు. షిన్ స్ప్లింట్సే అని తేలితే చాలావరకు పని పిక్కల మీదే ఉంటుంది. మెట్టు అంచున ముందుపాదం ఆనించి మడమలు మెల్లగా పైకెత్తి అంతకన్నా మెల్లగా దించాలి, ముందు రెండు కాళ్ళ మీద, కొన్నాళ్ళకి ఒంటికాలి మీద. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కొద్దిగా వంచి కొన్ని చేయాలి, ఎందుకంటే లోపలి పిక్క కండ వంచినప్పుడే ఎక్కువ పనిచేస్తుంది, పరుగులో బరువు మోసేది ఎక్కువగా అదే. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి తగ్గిపోవాలి. తగ్గలేదంటే ఎక్కువైందన్నమాట. ఈలోగా దమ్ము పోకుండా సైకిల్ తొక్కండి, పూల్ దొరికితే ఈత కొట్టండి (నాగావళిలో అని మాత్రం నేను అనలేదు). తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలెట్టి వారం వారం కొంచెంగా పెంచుకోవాలి, రోజు మార్చి రోజు.

చీలికే ఉంటే ఇవేవీ ఇప్పుడు కాదు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు లేకుండా ఉండాలి, చోటును బట్టి ఇంకా ఎక్కువ పట్టొచ్చు, ఆ తర్వాతే మెల్లగా మొదలు. ఏడు వారాల్లో ర్యాలీ అంటున్నారు, లెక్క మీరే వేసుకోండి. వయసు దాటిపోతుందన్న మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, ప్రతి ఏడాదీ ఇదే బాధతో కుర్రాళ్ళు వస్తారు. కానీ చీలిన ఎముకతో 1.6 కిలోమీటర్లు పరుగెత్తి, ఆ కాలి మీదే 9 అడుగుల గొయ్యి దూకితే అక్కడే విరిగిందనుకోండి, ఈ ర్యాలీ ఒక్కటే కాదు, పోలీసు ఈవెంట్స్ కూడా పోతాయి.

నాటు కట్టు, నూనె మర్దనలు ఆ ఎముక మీద వద్దు. అమ్మమ్మ చెప్పినా వద్దు.

భుజం గురించి తక్కువే రాస్తున్నాను, ఎందుకంటే దానికంత తొందర లేదు. చెయ్యి పక్కనుంచి పైకెత్తేటప్పుడు మధ్యలో నొప్పి పట్టి, పూర్తిగా పైకి వెళ్ళాక తగ్గుతుంటే సాధారణంగా భుజం కీలు చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ నరాలు రేగినట్టు (మనవాళ్ళు నరమంటారు గానీ అది కండని ఎముకకి అతికించే స్నాయువు). బెంచ్ ప్రెస్‌లో మీ మోచేతులు భుజానికి సమంగా అడ్డంగా విచ్చుకుంటున్నాయేమో పక్కవాణ్ణి వీడియో తీయమనండి. ఒంటికి కాస్త దగ్గరగా తెచ్చి, రాడ్డు మెడ మీదికి కాకుండా ఛాతీ కిందిభాగానికి దించాలి. మెడ వెనక్కి దించే ప్రెస్‌లు మానేయండి. చంకలో మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని, మోచేయి వంచి, రబ్బరు బ్యాండును బయటికి లాగే వ్యాయామం ఫిజియో నేర్పిస్తారు, చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, జిమ్‌లో అందరి ముందు చేయడానికి సిగ్గుపడి మానేస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఒకవేళ టక్కుమని శబ్దం వచ్చి చెయ్యి ఎత్తలేకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆగకుండా చూపించండి. బరువులెత్తడం తప్పని నేను అనడం లేదు. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి పతకం తెచ్చారు, ఈ జిల్లాలో ఉండి వెయిట్స్ వద్దని ఎలా అంటాను? బెంచ్ ప్రెస్ ఎన్ని సెట్లు చేస్తారో వీపుకి అన్ని సెట్లు రోయింగ్ (బరువును ఒంటివైపు లాగే వ్యాయామం) చేయండి చాలు.

మీరడిగిన నీ క్యాప్: మోకాలి కింద ఎముకకి దానితో పనిలేదు, డబ్బు దండగ. ఆ డబ్బుతో కొత్త షూ కొనుక్కోండి, మడమ కింద మెత్తగా ఉండి, బొటనవేలి ముందు కాస్త జాగా ఉంటే ఏ కంపెనీదైనా పర్వాలేదు, మీ కాలికి సరిపోవడం ముఖ్యం.

రిమ్స్ ఆర్థో ఓపీకి గానీ, మీకు అందుబాటులో ఉన్న ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి గానీ రెండు మూడు రోజుల్లో వెళ్ళండి. కాలు వాచినా, పిక్క గట్టిపడి పాదం తిమ్మిరెక్కినా ఆ రోజే వెళ్ళాలి. ఇక్కడ రాసింది చదివి మీకు మీరే వైద్యం మొదలెట్టేయకండి, చూడకుండా రాసిన సలహాకి హద్దులుంటాయి. వెళ్ళేటప్పుడు ఆ బిళ్ళల అట్టలు, ఇంజక్షన్ చీటీ ఉంటే అదీ పట్టుకెళ్ళండి. ‘తెల్ల బిళ్ళ ఒకటి, పసుపు బిళ్ళ ఒకటి’ అంటే మాకేం తెలియదు.