హంగేరీలో చదువుతూ పని చెయ్యాలనుకునే మా అక్క కొడుక్కి

నాన్నా,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. వీసా కూడా వచ్చేసిందంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "మొదటి ఏడాది ఫీజు లోన్‌తో కడతా, రెండో ఏడాదిది అక్కడే పార్ట్ టైమ్ చేసి కట్టేస్తా పిన్నీ" అని, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మకీ నాన్నకీ కూడా చదివి వినిపించు.

ముందు లెక్క చూద్దాం. 2025లో ఇక్కడ కనీస వేతనం గంటకు 1,672 ఫోరింట్లు ఉండేది, ఆ లెక్కే వేసి చూడు. చదువు పాడవకుండా చెయ్యగలిగేది వారానికి ఇరవై గంటలు అనుకో, 15 శాతం ఆదాయపు పన్ను పోను నెలకు చేతికొచ్చేది సుమారు లక్షా ఇరవై వేల ఫోరింట్లు. అప్పటి రేటులో రూపాయికి సుమారు నాలుగు ఫోరింట్లు వేసుకుంటే ముప్పై వేల రూపాయలు. బుడాపెస్ట్‌లో నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది అద్దెకే లక్ష ఫోరింట్లు దాటుతోంది, దాని మీద కరెంటు, గ్యాస్, నీళ్లు అన్నీ కలిపి 'రెజీ' అని విడిగా కట్టాలి. అంటే నీ పని నీ గది అద్దెను మొయ్యగలదు, ఫీజును మొయ్యలేదు. రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఫ్లైట్ ఎక్కకముందే తేల్చుకోండి. లోన్ రెండేళ్లకూ కలిపి తీసుకోవడమా, నాన్న పీఎఫ్‌లోంచి తీయడమా అన్నది మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, ఇబ్బందిగా ఉన్నా సరే ఇప్పుడే మాట్లాడుకోండి.

విద్యార్థి పర్మిట్ మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 30 గంటల వరకు పని చెయ్యనిస్తారు. నేను చదివినప్పుడు 24 గంటలే ఉండేది. సెలవుల్లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చు, అది కూడా ఏడాదికి 90 రోజులు. 30 అని చట్టంలో ఉంది కదా అని 30 చెయ్యాలనుకోకు. నేను ఆ తప్పు చేశాను. మొదటి చలికాలం ఒక హోటల్ కిచెన్‌లో సాయంత్రం షిఫ్టులు పట్టాను, రాత్రి ఒంటిగంటకు గదికి వచ్చి పడుకుంటే పొద్దున ఎనిమిది గంటల సెమినార్‌కు లేవలేకపోయేదాన్ని. ఇక్కడ సెమినార్లకు సాధారణంగా మూడు సార్లు మించి డుమ్మా కొడితే ఆ కోర్సు పోయినట్టే. దానికి తోడు పరీక్షలకు మనమే 'నెప్తున్' అనే సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి, మన యూనివర్సిటీల్లోలాగా హాల్ టికెట్ దానంతట అది రాదు. మంచి తేదీలు తెరిచిన గంటలోనే నిండిపోతాయి. నేను షిఫ్టులో గిన్నెలు తోముతుండగా ఆ గంట గడిచిపోయింది. ఆ సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. మీ అమ్మకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

నీ పర్మిట్ మీద రాసి ఉండేది చదువు అని. పని పోతే ఇంకో పని వెతుక్కోవచ్చు, చదువు ఆగితే ఇక్కడ ఉండే హక్కే పోతుంది. అందుకే సెమిస్టర్ మొదట్లోనే టైమ్ టేబుల్ రాగానే క్లాసులు, ల్యాబులు, నిద్ర ముందు రాసుకుని, మిగిలిన గంటలే మేనేజర్‌కు చెప్పు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా, మళ్లీ మే నుంచి జూన్ దాకా పరీక్షలు ఉంటాయి. ఆ వారాల్లో షిఫ్టులు తగ్గిస్తానని చేరే రోజే చెప్పెయ్యి. మంచి చోట అయితే ఒప్పుకుంటారు.

పని ఎక్కడ దొరుకుతుందని అడిగావు. ఇక్కడ విద్యార్థులకు పని ఇప్పించే సహకార సంఘాలు ఉంటాయి, 'డియాక్ సొవెత్‌కెజెత్' అంటారు. వాటిలో సభ్యుడిగా చేరితే వాళ్లే కంపెనీలకు పంపి, గంటలు లెక్కగట్టి, పన్ను కోసి జీతం బ్యాంకులో వేస్తారు. గోడౌన్, సూపర్ మార్కెట్, హోటల్ పనులకు హంగేరియన్ పెద్దగా రాకపోయినా నడుస్తుంది. బుడాపెస్ట్‌లో పెద్ద పెద్ద అంతర్జాతీయ కంపెనీల అకౌంట్స్, ఐటీ, కస్టమర్ సపోర్ట్ ఆఫీసులు చాలా ఉన్నాయి, వాటిలో ఇంగ్లీషుతోనే ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది. నువ్వు చదివేది డేటా కాబట్టి మొదటి సెమిస్టర్ కిచెన్‌లోనో గోడౌన్‌లోనో గడిచినా రెండో సెమిస్టర్ నుంచి అటు గట్టిగా ప్రయత్నించు. డెలివరీ యాప్‌లో వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని సైకిల్ తొక్కమని నీ రూమ్మేట్లే చెప్తారు, దాని జోలికి మాత్రం పోకు. పట్టుబడితే పోయేది నీ పర్మిట్.

కాంట్రాక్ట్ కాగితం లేకుండా ఒక్క రోజు కూడా పని చెయ్యకు. మనవాళ్లే కదా అని ఒక రెస్టారెంట్‌లో నేను నెలన్నర చేశాను, ఇవాళ రేపు అంటూ తిప్పి చివరికి సగం కూడా ఇవ్వలేదు. అడగడానికి నా దగ్గర కాగితం లేదు. కాంట్రాక్ట్ హంగేరియన్‌లో ఉంటుంది, ఇంగ్లీషు ప్రతి కూడా అడుగు, ఇవ్వకపోతే ఫోటో తీసి నాకు పంపు, నేను చదివి చెప్తాను. ఏ రోజు ఎన్ని గంటలు చేశావో నీ ఫోన్‌లో రాసుకుంటూ ఉండు, నెలాఖరున పే స్లిప్‌తో సరిచూసుకో.

ఇంకో సంగతి, నవ్వకుండా విను. ఇక్కడ ఏ ఫారం ఇచ్చినా అందులో 'అన్యా నెవె' అని ఒక గడి ఉంటుంది, అంటే అమ్మ పేరు. అమ్మ పుట్టింటి పేరు రాయాలి. అద్దె ఒప్పందం, ట్యాక్స్ నంబర్, బ్యాంకు, ఆఖరికి స్టూడెంట్ కార్డ్, అన్నిట్లో అడుగుతారు. మీ అమ్మ పాస్‌పోర్ట్‌లో మీ నాన్న ఇంటిపేరు ఉంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో మా నాన్న ఇంటిపేరు ఉంది. ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి రాస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు అయిపోతావు, తర్వాత సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. ఏది రాయాలో ఇప్పుడే తేల్చుకుని అన్ని చోట్లా అదే స్పెల్లింగ్‌తో రాయి. ఒక్క సుఖం ఏంటంటే వీళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాస్తారు.

స్టూడెంట్ కార్డ్ ఆలస్యం చెయ్యకు. మన మీసేవ లాంటి ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే ఫోటో తీసి ఒక కాగితం ఇస్తారు, దాని మీది నంబర్‌తో నెప్తున్‌లో దరఖాస్తు పెట్టాలి. కార్డ్ వచ్చేదాకా యూనివర్సిటీ ఇచ్చే తాత్కాలిక కాగితంతో పాస్ కొనుక్కోవచ్చు. మెట్రో, ట్రామ్, బస్ అన్నిటికీ విద్యార్థుల నెల పాస్ వెయ్యి ఫోరింట్ల లోపే. పాస్ ఉన్నా స్టూడెంట్ కార్డ్ మర్చిపోతే ఫైన్ వేస్తారు. గది వెతికేటప్పుడు మెట్రోకి గానీ 4, 6 నంబర్ల ట్రామ్ దారికి గానీ దగ్గరలో చూడు. ఆరో నంబర్ ట్రామ్ రాత్రంతా తిరుగుతుంది, షిఫ్ట్ అయ్యాక మంచులో నడిచే బాధ తప్పుతుంది. గదికి రెండు నెలల అద్దె డిపాజిట్ అడుగుతారు. గది కళ్లతో చూడకుండా, ఆ చిరునామాను ప్రభుత్వ రికార్డుల్లో నీ పేరున నమోదు చేసుకోనిస్తారో లేదో కనుక్కోకుండా డబ్బు పంపకు. దొరికేదాకా నా దగ్గరే ఉంటావు.

తిండి గురించి మీ అమ్మ నాకు రోజూ ఫోన్ చేస్తోంది. నువ్వు బీఫ్ తినవు కాబట్టి 'మర్హా' అంటే ఎద్దు మాంసం అని గుర్తుపెట్టుకో, 'షెర్తేష్' అంటే పంది, 'జీర్' అంటే పంది కొవ్వు. ఈ చివరిది రొట్టెల్లో, చిరుతిళ్లలో కూడా కలుపుతారు, చూసి కొనుక్కో. 'చీపోష్' అంటే కారం. 'ఎరోష్ పిష్ట' అని సీసాలో ఎర్రటి కారం ముద్ద దొరుకుతుంది, ఉప్పు ఎక్కువ కానీ వేడి అన్నంలో నెయ్యితో కలుపుకుంటే పండుమిరపకాయ పచ్చడి తిన్నట్టే ఉంటుంది. పప్పు కోసం ఇండియన్ షాపు దాకా పరుగెత్తక్కర్లేదు, ఎండు బఠాణీ పప్పు, మసూరు ప్రతి సూపర్ మార్కెట్‌లో చవగ్గా ఉంటాయి. 'షోష్క' అనే ఆకు ఉంటుంది, ఫ్రీజర్‌లో ముక్కలుగా కూడా అమ్ముతారు. నాకు వచ్చిన రెండేళ్ల దాకా తెలియలేదు. ఒకరోజు పక్కింటి ముసలావిడ ఆ ఆకుతో పులుసులాంటిది వండి పెడితే ఒక్క ముద్ద తిని ఏడ్చేశాను, అది మన చుక్కకూర చుట్టమే. అప్పటి నుంచి వారానికోసారి చుక్కకూర పప్పు మా ఇంట్లో తప్పదు. ఆదివారం రెండు గంటలు పెట్టి మూడు రోజులకు సరిపడా వండి డబ్బాల్లో పెట్టుకో, షిఫ్ట్ నుంచి ఆకలితో వచ్చి బయట కొనడం మొదలైతే జీతంలో సగం అక్కడే పోతుంది. డిసెంబర్ 24 నుంచి 26 దాకా దాదాపు షాపులన్నీ మూసేస్తారు, బియ్యం, పాలు ముందే తెచ్చుకోవాలి. కూల్ డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు, రేకు డబ్బాలు పారెయ్యకు, షాపులో మెషీన్‌లో వేస్తే ఒక్కోదానికి 50 ఫోరింట్లు తిరిగొస్తాయి.

చలి కంటే చీకటితోనే కష్టం నాన్నా. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పొద్దున క్లాసుకు, అట్నుంచి అటే షిఫ్టుకు పోతే ఎండ మొహం చూడకుండా వారాలు గడుస్తాయి, మనసు ఊరికే బరువెక్కుతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం అరగంటైనా బయట నడువు. చలికాలంలో మనకూ ఇండియాకూ నాలుగున్నర గంటల తేడా, రాత్రి పదికి షిఫ్ట్ దిగి ఫోన్ చేస్తే అక్కడ రెండున్నర, మీ అమ్మ హడలిపోతుంది. క్లాసుకు వెళ్లే ముందు పొద్దున చెయ్యి, అప్పుడు వాళ్ల మధ్యాహ్నం భోజనం అయ్యే టైమ్. బాగాలేనప్పుడు బాగున్నానని చెప్పకు. వాళ్లకు చెప్పలేకపోతే నాకు చెప్పు, ఎంత రాత్రైనా సరే.

భాష రోజూ పది నిమిషాలు చూడు. కష్టమని అందరూ భయపెడతారు కానీ మనకు కొంచెం తేలికే, ఇంట్లో, ఇంటికి, ఇంట్లోంచి అని మనం ఎలా చివర తగిలిస్తామో వీళ్లూ అలాగే తగిలిస్తారు. షాపులోకి అడుగుపెట్టగానే 'యో నపోత్' అను, బయటికి వచ్చేటప్పుడు 'విస్లాత్' అను. ఆ రెండు మాటలకే మనుషులు మెత్తబడతారు.

సామాన్లలో ఊరగాయలకంటే ముందు అన్ని సర్టిఫికెట్ల ఒరిజినల్స్, స్కాన్ కాపీలు సర్దుకో, అవి చెకిన్ లగేజీలో కాదు, చేతి బ్యాగులో. ఇక్కడ చాలా ఇళ్లలో ఇండక్షన్ లేదా కరెంటు పొయ్యి, అందుకే అడుగుభాగం దానికి పనికొచ్చే కుక్కరే తీసుకో, గ్యాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టించు, అవి ఇక్కడ తేలిగ్గా దొరకవు. టికెట్ బుక్ కాగానే నాకు పంపు, నేను ఎయిర్‌పోర్ట్‌కి వస్తాను.

మీ పిన్ని