పిల్లలు చెబితే పెద్దవాళ్లు వింటారా?

"హైస్కూలు పిల్లలు రోడ్డు భద్రత గురించి చెబితే ఊళ్లో పెద్దవాళ్లు వింటారా?" అని అడిగారు. తప్పకుండా వింటారు. కాకపోతే నినాదాలకు కాదు, పనికి వింటారు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఊళ్లోకి కాలువగట్టు రోడ్డే దారి. ఏటా జనవరిలో పిల్లల చేత ప్లకార్డులు పట్టించి ర్యాలీ తీస్తారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు ఎవరి స్పీడు వాళ్లదే. అందుకే ర్యాలీలంటే నాకు చిరాకు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల సైన్సు టీచరు వేరే పని పెట్టారు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లు చీకటి పడ్డాక కూడా తిరుగుతూనే ఉంటాయి. ట్రాక్టరుకి తగిలించిన ట్రక్కు వెనక లైటు ఉండదు, ఉన్నా మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. పైగా మంచు. పిల్లలు తలా కాస్త డబ్బులు వేసుకుని ఎర్ర రేడియం స్టిక్కర్ల రోలు కొన్నారు. కాలువ లాకుల దగ్గర ట్రాక్టర్లు ఆగే చోట గుడ్డముక్కలు, నీళ్ల సీసాలతో నిలబడ్డారు. రేకు మీది మట్టి కడిగి, పూర్తిగా ఆరాక అంటించాలి. తడి మీద అంటిస్తే నాలుగు రోజులకే ఊడిపోతుంది.

ఒకాయన కసురుకున్నాడు. "చదువుకోకుండా ఇవేం పనులు?"

"మా నాన్న రాత్రి బండి మీద ఈ దారినే వస్తాడు బాబాయ్. ఆయనకి మీ ట్రక్కు కనపడొద్దా?" అంది ఓ పిల్ల.

ఆయన ఇంజను ఆపి దిగాడు. వెనక ఆగిన ట్రక్కుకి కూడా వేయమన్నది ఆయనే. అదే మాట పోలీసు చెబితే ఎన్ని సాకులు వచ్చేవో!

రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి రాత్రి అలాగే వదిలేయడం ఇంకో బాధ. కళ్లాలు లేక రైతు ఇబ్బంది పడుతున్నాడు, నిజమే. కానీ ధాన్యం ఎత్తాకైనా రాళ్లు తీయాలి కదా.

అన్నిటికన్నా నాకు మండేది మీసాలు రాని పిల్లాడికి బండి తాళం ఇచ్చే తండ్రుల మీద. 2019లో చట్టం మార్చారు. మైనరు బండి నడిపితే తండ్రికో, బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మా అమ్మాయి వాళ్లు ఇదంతా చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి, పేరెంట్స్ మీటింగు రోజు గేటుకి కట్టారు. ఒకాయన అది చదివి కొడుకు చేతిలో తాళం అక్కడికక్కడే తీసుకున్నాడు. తర్వాత స్టాండులో బళ్లు తగ్గి సైకిళ్లు పెరిగాయి.